రెండు గుక్కలు నీకు, రెండు గుక్కలు నాకు

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి మెట్లు దిగి ఆటో కోసం సెంటర్లో నిలబడ్డానా, ఎదురుగా కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో మావాడు నవ్వుతూ కనిపించాడు. నల్లటి రబ్బరు సూటు, నుదుటి మీదికి తోసిన నీటి కళ్ళద్దాలు, పళ్ళన్నీ బయటపెట్టిన నవ్వు. కింద ఎర్రటి పెద్దక్షరాలతో 'క్రమశిక్షణకు మారుపేరు, స్కూబా క్లబ్బు వ్యవస్థాపక సభ్యుడు' అని రాయించారు. క్రమశిక్షణట! నాకు ఒళ్ళు మండిపోయింది. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు, నేనూ కాదనను, కానీ అబద్ధమాడినా అతికినట్టు ఉండాలి కదా. పాతికేళ్ళు నీళ్ళలో వాడి పక్కన మునిగినవాణ్ణి నేను. వాడి క్రమశిక్షణ ఎంతో నన్నడగాలి.

అడిగారు కూడా. మా క్లబ్బు ఇప్పటి సెక్రటరీ, మంగళగిరిలో కంప్యూటరు ఉద్యోగం చేసుకునే అబ్బాయి, సంస్మరణ సభలో ఐదు నిమిషాలు మాట్లాడండి అంకుల్, నాలుగు మంచి మాటలు చాలు అన్నాడు. నాలుగంటే నాలుగే మాట్లాడి కూర్చున్నాను. మైకు ముందు చెప్పలేనివి చాలా మిగిలిపోయాయి. నా ఈడువాళ్ళయితే అర్థం చేసుకుంటారన్న ధైర్యంతో అవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

మావాడంటే బంధువు కాదు, పదో తరగతి దాకా నాతో ఒకే బల్ల మీద కూర్చున్న స్నేహితుడు. వాళ్ళది మిరపా, పత్తీ వేసే ఆసామి కుటుంబం. మాది వాళ్ళ చేలల్లో కూలికి వెళ్ళే కుటుంబం. మా అమ్మ ఏటా వాళ్ళ చేలో మిరపకాయల కోతకు వెళ్ళేది. బళ్ళో వాడు నన్ను ఒరేయ్ అంటే నేను వాణ్ణి ఒరేయ్ అనేవాణ్ణి, కానీ వాళ్ళ వాకిట్లోకి అడుగుపెట్టేసరికి ఆ మాట నా గొంతులో ఇరుక్కుపోయేది. వాళ్ళ నాన్న ముందు వాణ్ణి ఏమని పిలవాలో తెలియక అసలు పిలవడమే మానేసేవాణ్ణి. దాహమని అడిగితే వాళ్ళమ్మ చెంబుతో పైనుంచి నీళ్ళు పోసేది, నేను దోసిలి పట్టి తాగేవాణ్ణి. ఆవిడ చెడ్డదేం కాదు, తాగాక బెల్లం ముక్క కూడా ఇచ్చేది, చెయ్యి తగలకుండా అరచేతిలోకి జారవిడిచేది. అప్పట్లో అది మామూలు. మావాడు గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండేవాడు, ఏమీ అనేవాడు కాదు. చిన్నపిల్లవాడు, ఏమంటాడు?

తరవాత నేను ట్రైనింగు అయ్యి మిషను హైస్కూల్లో సైన్సు టీచరునయ్యాను, వాడు సేద్యంలో పడ్డాడు. స్నేహం మాత్రం పోలేదు. పోనిస్తే కదా! నేను తలుపేసుకుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే కిటికీలోంచి పిలిచి మరీ కూర్చునే రకం.

మా నలభయ్యో పడిలో, నేవీలో డైవరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన దాచేపల్లి వైపు సున్నపురాయి గనుల దగ్గర సేఫ్టీ ఉద్యోగానికి వచ్చాడు. అక్కడ రాయి తీసి వదిలేసిన పాత క్వారీ గుంట ఒకటి ఉండేది. ఊటనీళ్ళు నిండి నలభై అడుగుల లోతున కూడా కింద రాయి కనిపించేంత తేటగా ఉండేది. నేవీ పెద్దాయనకి చేతులూరుకోక విశాఖపట్నం నుంచి పాత సిలిండర్లూ గొట్టాలూ తెప్పించి, ఉత్సాహం ఉన్న ఏడెనిమిది మందిని పోగుచేసి క్లబ్బు పెట్టాడు. ఊరంతా విరగబడి నవ్వింది. సముద్రం చూడాలంటే బాపట్లో చీరాలో పోవాల్సిన మనకి, ఈ బండల మధ్య స్కూబా ఏంటయ్యా అని. నన్ను అందులోకి లాక్కెళ్ళింది మావాడే. నీళ్ళలో గాలి పీల్చుకోవడమంట్రా, పద చూద్దాం అని స్కూటరెక్కించాడు. చిన్నప్పుడు నడుముకి ఎండు సొరబుర్రలు కట్టుకుని దిగుడుబావిలో ఈత నేర్చుకున్న ధైర్యం తప్ప మా ఇద్దరి దగ్గరా ఇంకేమీ లేదు.

కానీ ఒక మాట దాచకుండా చెప్పాలి. అప్పటికి పదిహేనేళ్ళుగా పిల్లలకి సముద్ర జీవుల పాఠం చెబుతున్నాను, నల్లబల్ల మీద పగడపు దిబ్బల బొమ్మలు గీస్తున్నాను, సముద్రంలోకి మోకాలి లోతు దాటి ఏనాడూ దిగలేదు. చూడకుండా చెప్పేవాణ్ణి అన్న వెలితి లోపల ఉండేది. ఏడాది శిక్షణ అయ్యాక పరీక్ష నెగ్గినవాళ్ళని విశాఖ తీసుకెళ్ళి నడిసముద్రంలో దింపుతానని నేవీ పెద్దాయన మాటిచ్చాడు. నాకు ఇక అదే యావ పట్టుకుంది. అందుకోసం ఆదివారం ఆరాధన మానకుండా, ఇంటావిడ చేత మాట పడకుండా, వారానికి మూడు గంటలు ఎలా మిగుల్చుకునేవాణ్ణో నాకే తెలుసు.

ఆ మూడు గంటల్లో ఒక గంట మావాడికోసం ఎదురుచూడటానికే పోయేది. లేదంటే ముందే వచ్చి, పాస్టరుగారు ప్రసంగంలో ఉండగా చర్చి బయట స్కూటరు హారను కొట్టేవాడు. నీళ్ళలోకి దిగేముందు కడుపు తేలిగ్గా ఉండాలని నేవీ పెద్దాయన మొత్తుకుంటుంటే, వీడు అల్లప్పచ్చడితో మూడు పెసరట్లు లాగించి వచ్చి నీళ్ళలో తేన్చేవాడు. నీళ్ళలో నా కుడిపక్కనే ఉండాలన్నది నియమం, నేను తిరిగి చూస్తే ఎడమపక్కా ఉండడు, కుడిపక్కా ఉండడు, ఎక్కడో రాతి సందులో చేపపిల్లల వెంట పడుతుండేవాడు. అడిగితే పెదాలు బిగించి ఒక నవ్వు.

అన్నిటికంటే ఘోరం మిరపకాయల సంగతి. నీటి కళ్ళద్దాలకి ఆవిరి పట్టకుండా లోపల కాస్త ఉమ్మి రాసి కడగటం ఈ విద్యలో పద్ధతి, వినడానికి రోతగా ఉన్నా అందరూ అదే చేస్తారు. ఒక మాఘమాసపు ఆదివారం మావాడు కల్లంలో ఎండుమిరపకాయలు తిరగేసి, చేతులు కడుక్కోకుండా స్కూటరెక్కి వచ్చాడు. నేను సిలిండరు బిగించుకునేలోగా సాయం చేస్తున్నాననుకుని తన అద్దాలతోపాటు నా అద్దాలకీ తన ఉమ్మే రాసి, ఆ వేళ్ళతోనే శుభ్రంగా రుద్ది ఇచ్చాడు. పదిహేనడుగులు దిగానో లేదో నా కళ్ళలో నిప్పు పోసినట్టయింది. అద్దాలు పీకేసి, దిక్కు తెలియక నీళ్ళు మింగి, ఎలాగో పైకి తేలాను. నేవీ పెద్దాయన నన్నే తిట్టాడు, అద్దాలు తియ్యకూడదని తెలియదా అని. నేను గట్టుమీద అరగంట కళ్ళు కడుక్కుంటూ ఉంటే, మావాడు తనూ ఎర్రటి కళ్ళతో పక్కన కూర్చుని క్షమించమని అడక్కపోగా గర్వంగా, "మన కాయ ఘాటంటే ఏమనుకున్నావురా మరి!" అన్నాడు. అలాంటివాడికి క్రమశిక్షణ బిరుదు ఇచ్చారు.

ఇవన్నీ నవ్వుకునే కోపాలు. అసలు కోపం పరీక్ష దగ్గర వచ్చింది.

మా పాత సామానులో ఒక్కొక్క సిలిండరుకి ఒకటే గొట్టం, ఒకటే మౌత్‌పీసు, అంటే పళ్ళతో పట్టుకుని గాలి పీల్చే రబ్బరు ముక్క. ఒకరికి గాలి అయిపోతే జంటలో రెండోవాడు తన మౌత్‌పీసు తీసి అందించాలి. రెండు గుక్కలు నీకు, రెండు గుక్కలు నాకు అన్నట్టు మార్చుకుంటూ ఇద్దరూ కలిసి నెమ్మదిగా పైకి రావాలి. నేవీ పెద్దాయన పరీక్ష అదే. జంటగా నెగ్గాలి, లేకపోతే జంటగా ఆగిపోవాలి, జంట మార్చుకోవడం కుదరదు అనేవాడు.

మిగతా జంటలన్నీ ఆ విద్య రెండు మూడు వారాల్లో పట్టేశాయి. మావాడి దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒకటి అడ్డం. ఒక వారం జలుబు, ఒక వారం చెవిపోటు, ఒక వారం శనివారం ఉపవాసం నీరసం ఇంకా తగ్గలేదు. పత్తికి మందు కొట్టించాలి, మోటారు కాలిపోయింది, చుట్టాలొచ్చారు. నీళ్ళలోకి దిగడానికి మాత్రం ఏ అడ్డమూ లేదు, మౌత్‌పీసు మార్చుకోవాలనేసరికే అన్నీ ముంచుకొచ్చేవి. ఒకసారి బలవంతాన కిందికి తీసుకెళ్ళి, గాలి అయిపోయిందని సైగ చేసి చెయ్యి చాచాను. వాడు నా చేతిని చూశాడు, తల అడ్డంగా ఊపి, నన్ను వదిలి పైకి వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఇంటావిడ ఎందుకని అడిగితే చెప్పలేదు. లోపల మాత్రం ఒకటే మాట తిరుగుతోంది, ఎంగిలి. వాళ్ళమ్మ చెంబు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళ స్నేహం, నా కంచం పక్కన కంచం పెట్టుకుని తిన్న స్నేహం, నా నోట్లోది తీసి వాడి నోట్లో పెట్టుకోవాలనేసరికి ఇక్కడికొచ్చి ఆగిందా అనుకున్నాను. దానికంటే బాధించింది ఏమంటే, నాకు అది ఆశ్చర్యంగా అనిపించలేదు. ఎప్పుడో ఒకప్పుడు ఇది బయటపడుతుందని నేను చిన్నప్పటినుంచీ కాచుకుని ఉన్నట్టే అనిపించింది. ఆ తరవాత కొన్ని నెలలు వాడితో ముభావంగా ఉన్నాను. వాడు వస్తే పని ఉందన్నాను, కిటికీ కూడా వేసేశాను. వాడు అడగలేదు. ఎందుకు మాట్లాడవురా అని ఒక్కసారైనా అడిగి ఉంటే సగం కోపం పోయేది.

విశాఖ ప్రయాణం పది రోజుల్లోకి వచ్చింది. ఆ ఆదివారమే ఆఖరి పరీక్ష. వాడు యథాప్రకారం ఆలస్యంగా వచ్చి, స్కూటరుకి స్టాండు వేస్తూనే గొంతు బొంగురుగా ఉందిరా అని మొదలుపెట్టాడు. నాకు సముద్రం పోయింది, స్నేహం పోయింది, ఇంకా పోవడానికేముందనిపించింది. మిగతావాళ్ళు నీళ్ళ దగ్గర ఉన్నారు, మేమిద్దరం రాళ్ళ చాటున ఉన్నాం. మర్యాదలన్నీ పక్కన పెట్టి, "నీ ఉమ్మి నా అద్దాలకి పనికొచ్చింది గానీ నా నోటిది నీ నోటికి పనికిరాదేంట్రా? మీ అమ్మ పోసినట్టు పైనుంచి పొయ్యరా గాలి, దోసిలి పడతాను!" అని అరిచేశాను.

వాడు తెల్లబోయాడు. అటూ ఇటూ చూసి, నాకు వీపు తిప్పి, నోట్లో వేళ్ళు పెట్టి ఏదో లాగి, ఇటు తిరిగి అరచెయ్యి చాపాడు. చేతిలో గులాబీ రంగు చిన్న బిళ్ళ, దానికి నాలుగు పళ్ళు. ముందువరస పళ్ళు. నేను ట్రైనింగుకని ఊళ్ళో లేని రోజుల్లో పొలంలో ఆయిలింజను స్టార్టు చేస్తుంటే హ్యాండిలు ఎదురుతన్ని మూతి పగిలిందట. వాళ్ళ నాన్న గుంటూరు తీసుకెళ్ళి కట్టించి, పెళ్ళి కావాల్సినవాడివి, ఎవరికీ చెప్పకని ఒట్టు వేయించుకున్నాడట. ఇల్లాలికి తప్ప ఎవరికీ తెలియదు. మౌత్‌పీసు ఒకసారి కరిచి పట్టుకుంటే పళ్ళు కదలవు గానీ, నీళ్ళలో మాటిమాటికీ తీసి పెట్టుకుంటే ఊడి క్వారీ అడుగుకి పోతాయని వాడి భయం. దిగేముందు వీడు ఎప్పుడూ మాకు వీపు పెట్టి గొట్టం పెట్టుకునేవాడని అప్పుడు గుర్తొచ్చింది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు గానీ, నాకు నిజంగా వచ్చింది మాత్రం ఇంకా పెద్ద కోపం. "ఇన్ని నెలలు నేనేమనుకుంటున్నానో తెలిసి కూడా నోరు మూసుకున్నావా?" అని అడిగాను. తెలుసన్నాడు. నీ మొహం చూస్తే తెలియదా అన్నాడు. మరి చెప్పచ్చుగా అంటే, ఆ బోసినోటితో, మాటలు గాలికి పోతుంటే, "పట్టింపు ఉందంటే మనూళ్ళో ఎవడూ నవ్వడు గదరా. కట్టుడు పళ్ళంటే నవ్వుతారు" అన్నాడు.

అంతలో నేవీ పెద్దాయన కేకేశాడు, పరీక్షకి దిగాల్సిందే అని. మావాడు ఆ నాలుగు పళ్ళూ నా చేతిలో పెట్టాడు. జేబులో ఖాళీ పొడుం డబ్బా ఉంటే అందులో పెట్టి మూతేసి, గట్టుమీద నా చెప్పుల పక్కన పెట్టి దిగాను. అడుగున రాతి మీద మోకాళ్ళ మీద ఎదురెదురుగా కూర్చున్నాం. ఈసారి వాడే చెయ్యి చాచాడు. నా నోట్లోది తీసి ఇచ్చాను. రెండు గుక్కలు పీల్చి ఇవ్వాలి కదా, వెధవ నాలుగు పీల్చి ఇచ్చాడు. ఊపిరి బిగబట్టుకుని వాణ్ణి చూస్తూ ఉండాల్సి వచ్చింది. వాడెప్పుడూ నమిలే లవంగం వాసన వేసే ఆ రబ్బరు ముక్కని నోట్లో పెట్టుకున్నాక, కళ్ళద్దాల లోపల నాకు కళ్ళు చెమర్చాయి. మిరపకాయ ఘాటు మాత్రం కాదు.

విశాఖలో సముద్రం చూశాను. దాని గురించి ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పానో, ఇక్కడ మళ్ళీ చెప్పను. ఆ తరవాత పాతికేళ్ళపాటు వాడి పళ్ళ కాపలా నా మెడకి పడింది. నీళ్ళలోకి దిగేముందు అందరూ అటు తిరిగినప్పుడు గుప్పిట్లో పెట్టేవాడు, పైకి రాగానే చెయ్యి చాచేవాడు. ఫోటోలంటే మాత్రం పళ్ళు పెట్టుకున్నాకే. ఒకసారి విశాఖ లాడ్జిలో డబ్బా మర్చిపోయి, సగం దారిలో బస్సు దిగి వెనక్కి వెళ్ళింది నేను. మర్చిపోయావేంట్రా అని తిట్టింది వాడు. నేను పట్టుకోకపోతే నీ పళ్ళు ఎవరు పడతారురా అంటే, అందుకేగా నీతో స్నేహం అనేవాడు. గుండెకి జబ్బు చేసి డాక్టరు వద్దన్నాక కూడా క్వారీకి రావడం మానలేదు. గట్టుమీద కుర్చీ వేసుకుని, అడుగున ఉన్నవాళ్ళకి వినబడదని తెలిసీ, పైనుంచి కేకలేస్తూ కూర్చునేవాడు.

మొన్న వేసవిలో ఒకరోజు పొద్దున్నే వాళ్ళావిడ ఫోను. "అన్నయ్య గారూ, మీరొకసారి రండి. బంధువులెవరికీ ఇంకా చెప్పలేదు" అంది. వెళ్ళేసరికి కాఫీ గ్లాసు పక్కన, పేపరు ఒళ్ళో పెట్టుకుని పడక్కుర్చీలో అలాగే ఉన్నాడు. డాక్టరు చూసి వెళ్ళిపోయాడట. నోరు లోపలికి పోయి, నాకు తెలియని ముసలివాడిలా ఉన్నాడు. పళ్ళు ఎక్కడ పెట్టారో కనబడటం లేదన్నయ్య గారూ, ఇలా జనం చూస్తే ఆయన ఊరుకోరు, అంది ఆవిడ. ఊరుకోకేం చేస్తాడు? అల్మరా, కిటికీ, సబ్బు పెట్టె, పూజగదిలో కుంకుమ భరిణె కూడా వెతికాను. వాణ్ణి పైకే తిట్టుకుంటూ వెతికాను, ఒక వస్తువు ఒక చోట పెట్టడం జన్మలో నేర్చుకోలేదని. చివరికి వాడు వేసుకున్న చొక్కా జేబులోనే దొరికాయి. నా చేతులు ఆడటం లేదంది ఆవిడ. పాతికేళ్ళు పట్టుకున్నవాణ్ణే గానీ ఎలా పెడతారో నాకు తెలియదు. కడిగి తెచ్చి, నా వేళ్ళతో వాడి పెదవులు తెరిచి, రెండుసార్లు తప్పి, నోరు సరిగ్గా తెరవరా అని కసిరి, మూడోసారికి పెట్టాను. అప్పుడు వాడు వాడిలా అయ్యాడు, అప్పుడు నాకు ఏడుపొచ్చింది. తరవాత జనం వచ్చారు. ఎంత కళగా ఉన్నాడో అన్నారు.

సంస్మరణ సభ అయ్యాక సెక్రటరీ అబ్బాయి తమ కొత్త సామాను చూపించాడు. ఇప్పుడు ప్రతివాడి సిలిండరుకీ రెండు మౌత్‌పీసులు, ఒకటి తనకి, పసుపు పచ్చది పక్కవాడికి విడిగా. ఎవరి నోట్లోది ఎవరూ తీసి ఇవ్వక్కర్లేదు, ఆ పరీక్షే ఎత్తేశారట. మా రోజుల్లో ఇలా మార్చుకునేవాళ్ళమని చెబితే, "ఛీ, ఒకరిది ఇంకొకరా అంకుల్?" అని మొహం చిట్లించాడు. నాకు కోపం రాలేదు. ఆ అబ్బాయి సొంత అన్న నోటిదైనా అలాగే మొహం పెడతాడు, నేనెవరో తెలుసుకుని పెట్టింది కాదు. అది మంచి మార్పే, ప్రాణానికీ క్షేమం. కానీ ఇప్పుడు ఒక మనిషి గురించి లోపల అనుమానం పెట్టుకుంటే, అది తేలకుండానే జీవితమంతా పక్కపక్కనే ఈదేయొచ్చు. మాకా వీలు లేకపోయింది.

పట్టింపుకి ఎవడూ నవ్వడని రాళ్ళ చాటున వాడన్న మాటకి ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. తీరిగ్గా చెబుదాంలే అనుకుంటూ పాతికేళ్ళు గడిపేశాను. నువ్వన్నది తప్పు కాదురా, మనూళ్ళో జనం అంతే, అది నిజమని తెలిసే నాకంత కోపం వచ్చింది అని చెప్పాలి. నీ బోసినోటికి నేనెందుకు నవ్వుతానురా, నన్ను కూడా వాళ్ళలో కలిపావేంట్రా అని కాలరు పట్టుకుని అడగాలి. ఇప్పుడు మాటలన్నీ తోస్తున్నాయి, అడగడానికి వాడు లేడు.